ముప్పై ఇళ్ళు చూడాల్సిన సినిమా

7వ రోజు

ఒక్క ఫ్రేము కూడా పోనివ్వనని సదానందం నా చేతిలో చెయ్యేసి మాటిచ్చి ముప్పయ్యొక్క ఏళ్ళయింది. యూనియన్ హాల్లో మేమిద్దరం నడిపిన ఫిల్మ్ సొసైటీ మూతపడిన రోజు అది. హాళ్ళలో మూడు ఆటలకు మించి ఆడని సినిమాలు, చిన్న మనుషులు అప్పు కెమెరాలతో తీసినవి, నాలుగు వందల పన్నెండు ఉండేవి మా దగ్గర. అన్నీ సినిమాల భాండాగారానికి అప్పగించాం. ఆ భాండాగారంలోనే సదానందానికి కొలువు దొరికింది. "ఇంద్రసేనా, నువ్వు ఫికర్ చెయ్యకు, నేనున్న గద" అన్నాడు. ఇవాళ వాటిలో అసలు రూపంలో మిగిలినవి ముప్పై ఎనిమిది.

శివరాత్రి దాటితే పైన ఎండకు మనిషి బతకడు, అందుకే ఊరంతా బొగ్గు తీయడం ఆగిపోయిన ఈ గనిలోకి దిగాం. మళ్ళీ మృగశిర కార్తెకు గానీ పైకి పోము. మనిషికి ఎనిమిది కిలోల సామాను దించుకోనిస్తారు. నేను ఆరు కిలోల పుస్తకాలు తెచ్చుకున్నాను. బట్టలు రెండు జతలు చాలు.

ఈ ఎండాకాలానికి మా గనికి, మూడో ఇంక్లైన్‌కు, వచ్చిన జాబితాలో నాలుగు సినిమాలున్నాయి. ఇక్కడ రెండు వందల పన్నెండు ఇళ్ళు. ఒక్కో సినిమాని గడువులోగా ముప్పై ఇళ్ళు 'ఉన్నది ఉన్నట్టు' చూస్తే, దాని అసలు ప్రతి ఇంకో పదేళ్ళు ఉంటుంది. చూడకపోతే చెరిపేస్తారు. ఇళ్ళలోని తెరలు తమకు తోచినట్టు కోసి అతికించుకునే ముడిసరుకు మాత్రం మిగులుతుంది.

నా పని సిఫార్సు చీటీలు రాయడం. ల్యాంప్ రూమ్ బోర్డు మీద అంటిస్తే, తలదీపం తీసుకోవడానికి వచ్చినవాళ్ళు చదువుతారు. గనిలోకి గాలి తోలే ఫ్యాన్ హౌస్ ఊడ్చే పని కూడా నాదే. అది ఇంకా బాగా చేస్తానని కొందరి అభిప్రాయం.

మొదటి చీటీ:

"మూడు రూట్ల బస్సు. గంటా నలభై నిమిషాలు. ఒక కండక్టరు తెల్లారినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడడు. టికెట్లు కొడతాడు, ముసలమ్మను చెయ్యి పట్టి ఎక్కిస్తాడు, తాగినవాణ్ణి భుజం పట్టి దింపుతాడు. ఎందుకు మాట్లాడడో చివరి స్టాపులో తెలుస్తుంది. తీసినవాళ్ళు ఇద్దరు బడి పంతుళ్ళు. సెలవుల్లో, నిజం బస్సులో, నిజం ప్రయాణికుల మధ్య తీశారు. ఇంట్లో అందరూ కూర్చుని 'ఉన్నది ఉన్నట్టు' మీట నొక్కి చూడండి. మధ్యలో ఆవలింత వస్తే రానివ్వండి. అది కూడా ఆ ప్రయాణంలో భాగమే."

చివరి రెండు వాక్యాలు రాసి గర్వపడ్డాను. ఈ వయసులో గర్వపడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

16వ రోజు

మా పక్క క్వార్టరు మొగిలమ్మ వంటశాలలో పనిచేస్తుంది. ఇవాళ అంబలి గిన్నెలో పోస్తూ అంది: "సారూ, మీ బస్సు సినిమా జూసినం. మస్తుగున్నది. కండక్టరు పాటలు బాగ పాడిండు."

"పాడిండా? ఆయన నోరే తెరవడు గదమ్మా."

"మా ఇంట్ల తెరిసిండు."

వెనక వరసలో ఉన్న ఓదెలు, ఫ్యాన్ ఆపరేటరు, మా ఎదురింటివాడు, తల ముందుకు పెట్టాడు. "మీ ఇంట్ల పాడిండా వదినా? మా ఇంట్ల డ్రైవర్‌తోని కొట్లాడిండు. ఇరవై నిమిషాలకే అయిపోయింది. పీడ వాయె."

తెర మన ముఖాలు చూస్తూ ఉంటుంది. కళ్ళు వాలితే ఆ ముక్క కోసేస్తుంది, కనుబొమలు ముడిపడితే ఆ దుఃఖం తీసేస్తుంది. మొగిలమ్మకు పాటలిష్టం, ఓదెలుకు కొట్లాటలిష్టం. ఇద్దరూ ఒకే పేరుగల రెండు సినిమాలు చూశారు.

"ఆ మీట ఎందుకు నొక్కలేదమ్మా?"

"నొక్కితే మధ్యల లేవరాదు గద సారూ. లేస్తే లెక్కకు రాదంటరు. పొయ్యి మీద కూరుంటది."

నా ఇంట్లో తెర లేదు. అవి వచ్చిన ఏడాదే వద్దని రాసిచ్చాను. యూనియన్ గదిలో మా సొసైటీ పాత ప్రొజెక్టరు ఉంది, గోడ ఉంది. నాకు అది చాలు. నా ముఖం చూసి కథ మార్చే వస్తువును ఇంట్లో పెట్టుకోను.

31వ రోజు

మూడు రూట్ల బస్సు గడువు ముగిసింది. పదిహేడు ఇళ్ళు.

ల్యాంప్ రూమ్ పక్క గదిలో లెక్కలు చూసేది సదానందమే. భాండాగారం వాళ్ళు అతణ్ణి నాలుగేళ్ళ కింద మా గనికే వేశారు. అందరూ లెక్క సార్ అంటారు. అంకె రాసిన కాగితం బోర్డుకు గుచ్చుతూ నన్ను చూశాడు.

"పదిహేడే అయినయి ఇంద్రసేనా. నేనేం జేస్త?"

"నువ్వేం చేస్తవో ముప్పయ్యొక్కేండ్ల సంది జూస్తనే ఉన్న."

పక్కనున్నవాళ్ళు తలదీపాలు సర్దుకుంటూ నవ్వు ఆపుకున్నారు. అతను గుండుసూది ఇంకోసారి గట్టిగా నొక్కి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ఇద్దరు పంతుళ్ళలో పెద్దాయన మా సొసైటీకి ఒకసారి వచ్చాడు. సినిమా అయ్యాక మాట్లాడమంటే, "నా కండక్టరే మాట్లాడలేదు, నేనేం మాట్లాడుత" అని కూర్చున్నాడు. ఆ సినిమా ఇక లేదు.

58వ రోజు

మధ్యలో రాయలేదు. రాయడానికి మంచిది ఏమీ జరగలేదు. దోసకాయల లారీకి తొమ్మిది ఇళ్ళు. దారి మూసేసిన ఘాటులో సరుకుతో ఇరుక్కుపోయిన డ్రైవరు, క్లీనరు మూడు రోజుల్లో ఒకరికొకరు ఏమవుతారో చూపించే సినిమా. అందులో కుళ్ళిన దోసకాయలను కూడా అందంగా చూపించిన కెమెరామన్‌ను పొగుడుతూ చీటీలో నాలుగు వాక్యాలు రాశాను. కుళ్ళిన అనే మాట చదివి జనం అక్కడే ఆగిపోయారని తర్వాత తెలిసింది. ఆ తప్పు నాది.

తెల్ల సిమెంటుకు ఇరవై రెండు. సున్నం పనివాళ్ళైన మొగుడూ పెళ్ళాలు ఒక ఖాళీ బంగళాకు రంగులేస్తూ, ఒక్కో గదిలో ఒక్కో అబద్ధం చెప్పుకునే కథ. ఇంత నవ్వించే సినిమా మా నాలుగు వందల పన్నెండులో ఇంకొకటి లేదు. దానికి బహుమతి రాకుండా చేసిన జ్యూరీ పెద్ద పోటీలో దాన్ని చూపించిన రోజు నా పక్క కుర్చీలో మొదటి గది నుంచి నాలుగో గది దాకా గురకపెట్టాడు. తర్వాత లయ కుదరలేదని రాశాడు. ఆయన గురకకు మాత్రం లయ కుదిరింది.

నాలుగోది మిగిలింది. దానికి గడువు మేం పైకెక్కే రోజు వరకూ ఉంది.

64వ రోజు

నాలుగో చీటీ రాయడానికి మూడు రోజులు పట్టింది. చింపి రాసి, చింపి రాసి, చివరికి ఇది అంటించాను:

"పంపుకాడ. రెండు గంటల ఎనిమిది నిమిషాలు. ఈ గనిలోనే, మనం ఇప్పుడు అన్నం తినే సొరంగం గ్యాలరీలోనే తీశారు. అప్పుడు ఇక్కడ ఇంకా బొగ్గు తీసేవారు. పద్మ అనే ఆమె భర్త పోయాక ఆయన పని ఆమెకొచ్చింది. ఊట నీటిని తోడే పంపు దగ్గర కూర్చోవడం. పంపు ఆగితే నీళ్ళెక్కుతాయి. ఒక వారం ఆమెతో మనం కూర్చుంటాం. ఏడో రోజు పంపు ఆగుతుంది. చివర పదకొండు నిమిషాలు కెమెరా కదలదు. తీసినామె కన్నెబోయిన స్వరూప, మన పంపు ఆపరేటరు కూతురే. పదకొండు రోజుల్లో తీసింది. ఇంకో సినిమా తీయకుండానే ఆరేళ్ళ కింద పోయింది. లోకంలో ఆమె పెట్టి వెళ్ళింది ఈ రెండు గంటల ఎనిమిది నిమిషాలే. మీ ఇంట్లో తెర దాన్ని నలభై నిమిషాలు చేసి, చివర ఎవరో వచ్చి ఆమెను కాపాడినట్టు చూపిస్తుంది. ఎవరూ రారు. ఎందుకు చూడాలో నేను చెప్పను. చూశాక మీరే నాకు చెప్పండి."

సాయంత్రం మొగిలమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. "సారూ, గా స్వరూప మా పెద్దమ్మ దోస్తు బిడ్డ. గీ సినిమా నేను జూస్త. మధ్యల లెవ్వ."

"కూర?"

"కూర ముందుగాల్నే వండిపెట్టుకుంట."

71వ రోజు, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను పోయాక ఎవరైనా ఈ డైరీ చదివితే ఈ పుట చదవాలి.

మొగిలమ్మ చూస్తానని చెప్పి ఊరుకోలేదు, లైనంతా చెప్పింది. మధ్యాహ్నం రెండో షిఫ్ట్ సైరన్ మోగేసరికి ఆమె ఇంటి ముందు మలుపులో చాపలు పరిచారు. తెరను గోడ నుంచి ఊడదీసి పాత బొగ్గు టబ్బు మీద నిలబెట్టారు. గుడాలు ఉడకబెట్టి బేసిన్లలో తెచ్చారు. ఇరవై ఆరు ఇళ్ళ నుంచి అరవై ముగ్గురు మనుషులు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఓదెలు కూడా వచ్చాడు. "నాకు నిద్రొస్తె లేపకుండ్రి" అని ముందే చెప్పి గోడకానుకున్నాడు.

మొగిలమ్మ మీట నొక్కింది.

మొదటి పావుగంట గుసగుసలు. తర్వాత తెర మీద పంపు చప్పుడు, మాకు అటువైపు ఫ్యాన్ చప్పుడు కలిసిపోయాయి. తమ గ్యాలరీని తెర మీద గుర్తుపట్టి ఎవరో "అగో, మన వంటశాల" అన్నారు. చివరి పదకొండు నిమిషాలు వచ్చాయి. పద్మ మెట్టు మీద కూర్చుంది. నీళ్ళు పాదాలు తాకాయి, చీలమండలు దాటాయి. ఆమె చెవి ఒగ్గి విన్నది. నవ్వింది. సినిమా అయిపోయింది.

గుడాలు నములుతున్న చప్పుడు కూడా లేదు. నేను తెరను కాదు, వాళ్ళను చూస్తున్నాను. ముప్పయ్యొక్క ఏళ్ళ తర్వాత అరవై ముగ్గురు ఒకే సినిమా చూశారు.

72వ రోజు

వంటశాల వరసలో తగాదా.

"నీళ్ళు కాళ్ళల్లకొస్తుంటె నవ్వుడేంది? పిచ్చి లేసిందా గామెకు?" అన్నాడు ఓదెలు. నిన్న అతను ఒక్క నిమిషం నిద్రపోలేదు.

"పిచ్చి గాదు" గరిటె ఆపి అంది మొగిలమ్మ. "పన్నెండేండ్ల సంది చెవుల్ల పంపు కొట్టుకుంటనే ఉన్నది. ఒక్కసారి సప్పుడు బందయింది. పానం సుఖమైంది, నవ్వింది."

"మునిగేటప్పుడు సుఖమేంది వదినా?"

"ఇంట్ల ఒక్క దినం గిన్నె కడిగినోనికైతే తెలుస్తది."

వరసంతా గొల్లుమంది. ఓదెలు భార్య సుజాత అందరికంటే గట్టిగా నవ్వింది. అయినా ఓదెలు తగ్గలేదు. "గది గాదు. మొగడు యాదికొచ్చిండు. ఆయన గట్లనే మునిగి సచ్చిండని రెండో దినం చెప్పింది గద. నేనొస్తున్న అని నవ్వింది."

నేను గిన్నె పట్టుకుని ఆ వరసలో అలాగే నిలబడిపోయాను. అంబలి చల్లారింది. ఎన్నో విమర్శలు చదివాను, కొన్ని రాశాను. ఆ నవ్వు గురించి ఈ రెండింటికి మించిన మాట ఎక్కడా చదవలేదు. స్వరూప సినిమా విడుదలైనప్పుడు పేపర్లో ఒక పండితుడు 'ఒక ఆడమనిషి పదకొండు నిమిషాలు కూర్చుంటే సినిమా అవుతుందా' అని రాశాడు. ఆయన్ని ఇవాళ తెచ్చి ఈ వరసలో, ఓదెలు వెనక నిలబెట్టాలనిపించింది.

74వ రోజు

బోర్డు మీద సదానందం కాగితం: పంపుకాడ, 1.

లోపలికెళ్ళాను. "ఇరవై ఆరిండ్లోళ్ళు జూసిండ్రు."

"యాడ జూసిండ్రు?"

"మొగిలమ్మ ఇంటి ముందర."

"గందుకే ఒకటి." అతను తల ఎత్తలేదు. "లెక్క ఇండ్లది, మనుషులది గాదు. ఎవరింట్ల తెర ముందు వాళ్ళు కూసుంటెనే ఆ ఇల్లు లెక్కల పడ్తది."

"నీకు తెల్వదా, ఈడ మనుషులు ఎట్ల జూస్తరో? యూనియన్ హాల్ల నువ్వు, నేను, రెండు వందలమంది చాపల మీద గాదా?"

"రూల్ల గట్లనే ఉన్నది ఇంద్రసేనా."

నిజం ఒకటి రాయాలి. ఆదివారం నేను అక్కడే ఉన్నాను. మనుషుల్ని రెండుసార్లు లెక్కపెట్టాను. ఇళ్ళ లెక్క నాకూ తట్టలేదు. ఇక్కడి మనిషికి సినిమా బాగుందని చెబితే పదిమందిని పిలుచుకుంటాడు, ఒక్కడే చూడాలన్న ఆలోచన రాదు. నేనూ ఇక్కడివాణ్ణే.

మొగిలమ్మకు చెప్పగానే కూలబడింది. "అయ్యో, నేనే పిలిస్తి గద సారూ అందర్ని. నా చేతులతోని ఖరాబ్ చేస్తి."

"నువ్వు ఖరాబ్ చెయ్యలేదు. నా చీటీలు నాలుగు ఎండాకాలాల్లో చెయ్యనిది నువ్వొక్క మధ్యాహ్నంల చేసినవ్."

కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "ఒక్కసారి జూసినోళ్ళు మల్ల జూడొద్దని రూల్ల ఉన్నదా?"

లేదు.

81వ రోజు

ఆరు ఇళ్ళు.

ఒంటరిగా చూడటం వీళ్ళకు రావడం లేదు. ఓదెలు ఇంట్లో అతను గంటకే నిద్రపోయాడు. సుజాత విసుగొచ్చి, తెర తనకు తోచినట్టు కోసుకునే సర్దుబాటు మీట నొక్కింది, లెక్క పోయింది. "పక్కపొంటి కొట్లాడేటోళ్ళు లేకుంటె ఎట్ల జూడాలె సారూ?" అని అతనే వచ్చి నన్ను నిలదీశాడు.

జవాబు మొగిలమ్మ దగ్గర ఉంది. ఎవరింట్లో వాళ్ళే, కానీ అందరూ ఒకేసారి. రెండో షిఫ్ట్ సైరన్ మోగగానే మీట. తలుపులు మాత్రం మూయొద్దు.

88వ రోజు

ఇవాళ రెండింటికి మా లైన్లో ఎనిమిది ఇళ్ళు ఒకేసారి మొదలుపెట్టాయి. నేను మధ్యలో టబ్బు మీద కూర్చున్నాను. ఎనిమిది గుమ్మాల్లోంచి ఒకే పంపు చప్పుడు వచ్చి గ్యాలరీ పైకప్పుకు తగిలి మళ్ళీ కిందికి దిగింది. బొగ్గు తీసిన రోజుల్లో ఈ గని ఇలాగే ఉండేదేమో. రెండో రోజు కథలో పద్మ భర్త మాట రాగానే ఓదెలు తన ఇంట్లోంచి అరిచాడు: "ఇన్నవా వదినా? గిదే నేను జెప్పింది!"

"ఇన్న తియ్యి. నోర్మూస్కొని జూడు!"

గోడ మీద ఎవరో దబదబ కొట్టారు. ఎవరూ లేవలేదు. ఎవరూ సర్దుబాటు మీట నొక్కలేదు. సదానందం కాగితం మీద పద్నాలుగు.

95వ రోజు

ఇరవై రెండు. ఫ్యాన్ హౌస్ ఊడుస్తుంటే ఇద్దరు మెకానిక్కులు పద్మ నవ్వు గురించే వాదించుకుంటున్నారు. వాళ్ళకు కొత్త అర్థం దొరికింది: తన డ్యూటీ అయిపోయిందని నవ్విందట. నేను చీపురు పట్టుకుని విన్నాను. అభిప్రాయం అడిగారు. సినిమా తీసినామె చెప్పలేదు, నేనెందుకు చెప్పాలి అన్నాను.

99వ రోజు

పొద్దున్నే ఓదెలు ఫ్యాన్ హౌస్ నుంచి పరుగున వచ్చాడు. పైన వాన.

రోహిణి కార్తె ఇంకా అయిపోలేదు. ఈసారి ముందే వచ్చింది. గని గనంతా ఒక్కసారిగా సామాన్లు సర్దుకుంది. పైకి తీసుకుపోయే మ్యాన్‌రైడింగ్ కుర్చీలు మధ్యాహ్నం నుంచి తిరుగుతాయి. ఎల్లుండి సాయంత్రానికి కింద కరెంటు ఆపేస్తారు. గడువు కూడా అప్పటికే.

ఇరవై నాలుగు ఇళ్ళు. ఇంకా ఆరు కావాలి.

వంద రోజులుగా ఆకాశం చూడనివాళ్ళు. మొదటి వాన కింద నిలబడటం మాకు పండుగకంటే ఎక్కువ. ఆగమని ఎవర్ని అడగను? చీటీ రాయలేకపోయాను. జీవితంలో మొదటిసారి సిఫార్సు చెయ్యడానికి నోరు రాలేదు.

100వ రోజు

చీటీ రాయాల్సిన అవసరం రాలేదు. మొగిలమ్మ మ్యాన్‌రైడింగ్ దగ్గర నిలబడి, సంచులు మోసుకొచ్చే ఒక్కో కుటుంబాన్నీ ఆపింది. నేను దూరం నుంచి విన్నాను.

"వాన రేపు గూడ పడ్తది. గీ సినిమా రేపు ఉండది."

"జూసినం గదనే ఆ దినం మీ ఇంటికాడ."

"మీ ఇంట్ల జూడలే."

కొందరు విసుక్కుని కుర్చీలెక్కారు. కొందరు నవ్వి ఎక్కారు. ఐదు కుటుంబాలు సంచులు దించి వెనక్కి తిరిగాయి. ఒకామె చంకలో పిల్ల, ఆ పిల్ల ఇంకా వానంటే ఏమిటో చూడలేదు. ఆమె కూడా వెనక్కి వచ్చింది. పైన వాన పడుతుంటే, కింద చీకట్లో, ఐదు ఇళ్ళు రెండు గంటల ఎనిమిది నిమిషాలు నీళ్ళెక్కే సినిమా చూశాయి. ఆ ఐదు ఇంటిపేర్లు రాసిపెడుతున్నాను: దాసరి, ఎలుకటూరి, కొలిపాక, పెరుక, రామటెంకి. పెద్ద పెద్ద హాళ్ళలో పూలదండలు వేసుకున్న ఏ ప్రేక్షకుల కన్నా వీళ్ళు గొప్పవాళ్ళు.

ఇరవై తొమ్మిది.

101వ రోజు

కింద మిగిలినవాళ్ళంతా లెక్కలో పడ్డవాళ్ళే. తెర ఉండి సినిమా చూడని ఇల్లు ఒక్కటీ మిగల్లేదు. చూడని ఇల్లు నాదే. నా ఇంట్లో తెర లేదు.

ల్యాంప్ రూమ్ పక్క గదికి పోయాను. సదానందం పెట్టెలు కడుతున్నాడు. అడగడానికి నిమిషం పట్టింది.

"నా ఇంట్ల తెర పెట్టియ్యి."

చేతిలో తాడు ఆగింది. "నువ్వా?"

"నేనే. ఇయ్యాల్టికి."

"ఎండాకాలం సురువుల పెట్టిన తెరలే లెక్క ఇంద్రసేనా. ఇప్పుడు పెట్టినా లెక్కకు రాదు."

నేను తిరిగి గుమ్మం దాటబోయాను.

"నేనుండేది గూడ ఇల్లే గద" అన్నాడు వెనక నుంచి.

ఈ ఆలోచన నాకు ముందే రావాలి. రాలేదు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా అతన్ని ఒక ఇల్లున్న మనిషిగా అనుకోలేదు.

అతని క్వార్టరులో ఒక మంచం, ఒక కుర్చీ, తెర. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను మంచం మీద కూర్చున్నాడు. మీట నొక్కే ముందు అద్దాలు తుడుచుకున్నాడు. యూనియన్ హాల్లో కూడా ఆట మొదలయ్యే ముందు అలాగే తుడుచుకునేవాడు.

రెండు గంటల ఎనిమిది నిమిషాలు ఇద్దరం లేవకుండా చూశాం. పద్మ నవ్వగానే అతను కూడా చిన్నగా నవ్వాడు. ఎందుకో నేను అడగలేదు. అడగాల్సింది వేరే ఉంది.

"ఇల్లు అనే మాట రూల్ల ఎవరు పెట్టిండ్రు?"

"నేనే. ఆ మీటింగుల అసల్లు ఏవీ ఉంచొద్దన్నరు. కొన్నన్న ఉంచుదాం, లెక్క పెట్టి ఉంచుదాం అని నేనే రాసిన. తెరలు ఇంటికొకటి గద, ఇండ్లు లెక్కపెట్టుడు సులువని ఇండ్లు అని రాసిన."

"మనుషులని రాద్దామని అడిగినవా?"

"లేదు."

"ఒక్కసారన్న?"

"కొత్త కొలువు ఇంద్రసేనా. భయమైంది. అడగలే."

తెర మీద ముప్పై అంకె వచ్చింది. కాగితం తీసి తన చేత్తోనే రాశాడు. అంకె నిటారుగా వచ్చింది. బోర్డుకు గుచ్చడానికి వెళ్తుంటే గుండుసూది నేనే అందించాను.

చివరి కుర్చీల్లో ఇద్దరం ముందూ వెనకా పైకెక్కాం. ఇంక్లైన్ నోటి దగ్గర మొగిలమ్మ తడిసి ముద్దై నిలబడి ఉంది. ఆమె పక్కన ఓదెలు. ఇద్దరూ వానలో కూడా నవ్వు గురించే కొట్లాడుకుంటున్నారు. "ముప్పై" అన్నాను. మొగిలమ్మ రెండు చేతులూ పైకెత్తింది.

పంపుకాడ ఇంకో పదేళ్ళు ఉంటుంది. ఇంట్లో చూడండి. ఉన్నది ఉన్నట్టు చూడండి. తలుపు తీసిపెట్టి చూడండి. అది బతికింది నా చీటీ వల్ల కాదు, మూడో ఇంక్లైన్ మనుషుల వల్ల. నాకు ఈ జన్మకు ఈ గర్వం చాలు.

మూడు రూట్ల బస్సు, దోసకాయల లారీ, తెల్ల సిమెంటు చూడమని మాత్రం ఎవరికీ చెప్పలేను. అవి లేవు. వాటి ముందు పోయిన మూడు వందల డెబ్బై నాలుగు కూడా లేవు. అవన్నీ ఈ మనుషులే చాపలేసుకుని కాపాడి ఉండేవాళ్ళు, ఆ రోజు ఆ మీటింగు గదిలో ఒక మనిషి నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే. అతను భయపడ్డాడని నాకు తెలుసు. ముప్పయ్యో ఇల్లు అతనిదేనని నా చేత్తోనే పైన రాశాను. అయినా నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఒక్కణ్ణే: సదానందాన్ని.